మైకు మహిమ

"నాన్నా, అమ్మేసిన ఆడియో బాక్సుల డ్రైవర్ ప్రోగ్రాములు ఇందులో ఇంకా ఎందుకుంచావు?" నా స్టూడియో కంప్యూటర్ ముందు కూర్చున్న మా అమ్మాయి నిలదీసింది.

"ఊరికే వచ్చినవి కదమ్మా, పారెయ్యడమెందుకని."

"అందుకే! రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచిన ప్రతిసారీ లేని బాక్సులు ఏడింటినీ వెతుక్కుంటోంది. పదకొండు నిమిషాలు దానికే పోతున్నాయి."

ఏడు డ్రైవర్లనీ తీసేసింది. సాఫ్ట్‌వేర్ ఇరవై సెకన్లలో తెరుచుకుంది. రోజుకు ఆరుగురు పాడితే గంటకు పైగా మిగులుతుందని అక్కడికక్కడే లెక్క కట్టి మురిసిపోయాను.

అంతలో మా పాత గాయని వచ్చింది. సాయంత్రంలోగా పాట పంపకపోతే ఆమెకు పోటీలో చోటు పోతుంది. వచ్చీ రాగానే మైకు ముందు నిలబెట్టాను. మొదటి టేకులో గొంతు వణికింది. నాలుగో టేకుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇక్కడెప్పుడూ ఒక్క టేకులో పాడేసేదాన్ని సార్. ఇవాళేమైందో!"

అదంతా మా మైకు మహిమేనని ఇన్నాళ్ళూ ఊరంతా చెప్పుకున్నాను. మైకు అదే, గదీ అదే.

"ఇదివరకు పాడేముందు ఏం చేసేవారక్కా?" అంది మా అమ్మాయి.

"ఏముందీ, అది తెరుచుకునేదాకా మీ నాన్నగారు కంప్యూటర్ని తిడుతుంటే నవ్వుకుంటూ పాటని కూనిరాగం తీసుకునేదాన్ని."

నా పనితనం విలువ అక్కడే తేలిపోయింది. సాఫ్ట్‌వేర్ మూసి మళ్ళీ తెరిచాను. చప్పున తెరుచుకుంది. ఆమెకు కనిపించకుండా తెరను గోడవైపు తిప్పేశాను.

"దిక్కుమాలిన యంత్రం, మళ్ళీ మొరాయించిందమ్మా! కాసేపు కూర్చోండి" అని, చేతనైనంత గట్టిగా దాన్ని తిట్టడం మొదలుపెట్టాను.