ఇంకో ఏడాది

“ఎడమ చెయ్యి మళ్ళీ దించావు” అన్నారు మాస్టారు.

“దించలేదు మాస్టారూ!”

“దించావు. ఛాంపియనైతే ఈపాటికి నీ దవడ పక్కకి తిప్పి పెట్టేవాడు. ఊఁ, కానీ.”

కుర్రాడు పళ్ళు బిగించి కొట్టాడు. మాస్టారు చేతికున్న ప్యాడ్ టపాకాయలా పేలింది. ఆయన వెనక్కి తూలి, రింగు తాడు పట్టుకుని నిలదొక్కుకున్నారు.

“ఇది చాలదా?” అన్నాడు కుర్రాడు.

“పరవాలేదు. పరుపులు దులపడానికి పనికొస్తుంది” అంటూ మాస్టారు మణికట్టు నెమ్మదిగా రుద్దుకున్నారు.

బెంచీ మీద కూర్చున్న అక్క ఫక్కున నవ్వింది. తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఆమే. తమ్ముడి ప్రతి పోటీకీ వస్తుంది కానీ, గంట మోగగానే కళ్ళు మూసుకుంటుంది. ఎవరు గెలిచారో పక్కవాళ్ళు చెప్పాల్సిందే.

ఛాంపియన్‌తో తలపడమని పిలుపొచ్చింది. జవాబు కోసం నిర్వాహకుడు ఇవాళే ఫోన్ చేస్తానన్నాడు. మాస్టారు ఊఁ అంటే పోటీ ఖాయం. కాదంటే, ఛాంపియన్ ఇదివరకు ఓడించినవాళ్ళలోనే ఎవరినో మళ్ళీ ఎదురు నిలబెడతారు.

“నాకు తెలుసు మాస్టారూ” అన్నాడు కుర్రాడు, గ్లవ్స్ విప్పుతూ. “ఆ ఛాంపియన్ కూడా మీ దగ్గర ఓనమాలు దిద్దినవాడే. మిమ్మల్ని వదిలేసి పెద్ద కోచ్ పంచన చేరాడు. ఇప్పుడు నేను ఓడితే మీ పరువు పోతుందని భయం.”

“నోర్ముయ్యరా!” అంది అక్క.

“అననీ అమ్మా. భయం ఉన్నమాట నిజమే.” మాస్టారు తాడు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. “తగలకూడని చోట ఒక్క దెబ్బ తగిలితే చాలు, మనిషి మనిషిలా మిగలడు. చెంచా నోటిదాకా పోదు. భార్యని పట్టుకుని ఎవరమ్మా నువ్వు అంటాడు. చూశాను నేను.”

అక్క కళ్ళు తుడుచుకుంది. అంతలో ఫోన్ మోగింది.

“లేదండీ, మావాడు ఇంకా సిద్ధంగా లేడు. ఇంకో ఏడాది ఆగాల్సిందే” అని మాస్టారు పెట్టేశారు.

కుర్రాడు గ్లవ్స్ నేలకేసి కొట్టి, వెళ్ళొస్తానని కూడా అనకుండా వెళ్ళిపోయాడు.

“వాడి మాటలు మనసులో పెట్టుకోకండి మాస్టారూ. కన్నతండ్రి కూడా ఇంత ఆలోచించడు. వాణ్ణి కాపాడారు మీరు” అంది అక్క, చేతులు జోడించి.

మాస్టారు ఆమె కళ్ళలోకి చూడలేకపోయారు. “వెళ్ళమ్మా. అలిగాడంటే తిండి మానేస్తాడు. దగ్గరుండి పెట్టు.”

ఆమె వెళ్ళాక ఆయన గ్లవ్స్ తీసి, దుమ్ము దులిపి మేకుకి తగిలించారు. కాసేపు ఆ కుర్రాడు వెళ్ళిన తలుపు వంకే చూసి, ఛాంపియన్‌కి ఫోన్ కలిపారు.

“ఏం మాస్టారూ, మీ కొత్త పిల్లాడు జడిశాడా?” అని నవ్వాడతను.

“వాడి దెబ్బకి నువ్వు బతకవు నాయనా, ఈ ఏడాదిలోగా తప్పుకో.”