ఆరు ఖిడ్కీలు

"పొద్దటి నుంచి ఈ గల్లీల నడిచిన ఆడోళ్లు ముగ్గురే," రోజారాణి మున్సిపాలిటీ సర్వే ఫారం చూపించింది. "నడిచేటోళ్ల కోసమేనమ్మా, మీ ఇండ్ల ముందటి వాకిళ్లు కూలగొట్టి గల్లీ వెడల్పు చేసేది."

"నా వాకిలి మీద చెయ్యి పడనియ్య!" అంది ఫాయిజా దుపట్టా బిగిస్తూ. "వాకిళ్ల నడుమ గోడలకు ఏమున్నయని రాసినవ్ బేటీ?"

"మీరు చెప్పిందే. ఆరు కిటికీలు."

"నేను ఖిడ్కీలన్న! రా లోపటికి."

"ఖిడ్కీ అంటే గిదీ," అంటూ ఫాయిజా తన వాకిట్లో గోడకున్న చిన్న తలుపు తోసింది. తల వంచి దాటితే పక్కింటి వాకిలి. అక్కడ బియ్యం ఏరుతున్నామె జరిగి దారిచ్చింది. ఆ గోడకూ ఓ చిన్న తలుపు. అలా ఆరో తలుపు దాటేసరికి, గల్లీలో అడుగు పెట్టకుండానే రోజారాణి ఖమ్మం ఖిల్లా బజారులో దవాఖానా ముందు తేలింది. దారిలో ఎదురైన ఆడవాళ్లు పదకొండు మంది. ఆమె ఫారంలో వాళ్లెవరూ లేరు.

"మా అత్త, ఆమె అత్త గిట్లనే నడిచిండ్రు. నొప్పులొస్తే నేను గిట్లనే వచ్చిన. మా బాట కూలగొట్టి ఎవలకు బాటేస్తరు?"

ఫోన్ మోగింది. ఇంజనీరు.

"నువ్వు చెప్పిన ఆ గోడలకు ఉత్త కిటికీలే కదా? కూల్చొచ్చని రాసెయ్."

రోజారాణి ఫారంలో 'కిటికీలు' అన్న మాట కొట్టేసింది. "కిటికీలు కావు సార్. రోడ్డు."

"ఎంత వెడల్పు?"

"రెండడుగులు."

"దాన్ని రోడ్డంటారా?"

"అంటరు సార్. దాని మీద నడవాలంటే మీరొచ్చినా తల వంచాల్సిందే."