కాఫీ అక్కగారి బేరం

“ఆవిడ అమ్మిందా? అయితే నాకు కొను,” అన్నాడు ప్రెస్సాయన.

బ్రోకరు కీబోర్డు మీది నుంచి చేతులు తీసేశాడు. “ఎంతకి?”

“ఉన్న డబ్బుకి ఎంతొస్తే అంతకీ.”

“అంతా పత్తి మీదేనా? రోజులు బాగాలేవు సార్. పొద్దున ఓడరేవు మూసేశారంటారు, సాయంత్రం కొత్త పన్నంటారు. కొంచెం చేతిలో ఉంచుకోండి.”

“నీ కమిషన్ నీకొస్తుంది కదా. కొను.”

ప్రెస్సాయన ఇరవై రెండేళ్ళు ఒకే ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేశాడు. కిందటేడు అది మూతపడి రోడ్డున పడ్డాడు. పడ్డాడే గాని వంగలేదు. చేతికొచ్చిన సెటిల్‌మెంటు డబ్బు ఒక పాత ప్రింటింగ్ మిషన్ ధరలో సగం. మిగతా సగం కోసం ఒకరిని అప్పు అడగడు. ఇంకో యజమాని ముందు చేతులు కట్టుకుని అసలే నిలబడడు. అందుకే ఈ బ్రోకరు గదికొచ్చి కూర్చున్నాడు.

ఇక్కడ మూడు నెలల తర్వాత చేతులు మారే పత్తికి ఈరోజే ధర కడతారు. పెరుగుతుందనుకున్నవాడు కొంటాడు, పడుతుందనుకున్నవాడు అమ్ముతాడు. మొత్తం సొమ్ము పెట్టక్కర్లేదు, మార్జిన్ అని కొంత ధరావతు ఉంచితే చాలు; నష్టం దాన్ని తినేస్తే బేరం అక్కడికక్కడే తెగిపోతుంది. గడువు లోపల ఎవరి లాభనష్టాలు వాళ్ళు తేల్చుకుని లేచిపోతారు. పత్తి మొహం చూసే పని ఎవరికీ లేదు.

మొదట్లో గ్రాఫులు చూసి వేశాడు. అవి నట్టేట ముంచబోయాయి. చివరికి దారి చూపించింది కిటికీ పక్క కుర్చీలో కూర్చునే కాఫీ అక్కగారు. యాభై దాటిన మనిషి. వచ్చినప్పుడల్లా అమ్ముతుంది. ఆవిడ అమ్మడమే ఆలస్యం, ధర పెరుగుతుంది. వరసగా నాలుగుసార్లు చూశాడు. తమాషా ఏమిటంటే, నష్టమొచ్చిన రోజే ఆవిడ గదిలో అందరికీ కాఫీ ఇప్పిస్తుంది. ఆ పేరు అలా స్థిరపడింది. మొండిఘటం అని అందరూ వెనకాల నవ్వుకునేవారు. ప్రెస్సాయన మాత్రం నవ్వలేదు. ఆవిడకి ఎదురుగా రెండుసార్లు కొద్దికొద్దిగా కొన్నాడు. రెండుసార్లూ గెలిచాడు.

మూడోసారి మొత్తం పెట్టేశానని ఇంట్లో చెబితే భార్య చేతిలోని గరిటె ఆగిపోయింది.

“ఇంకొకరి దురదృష్టం పెట్టుబడిగా మనం మిషన్ కొనాలా?”

“ఆవిడ పోగొట్టుకునేది ఎలాగూ పోగొట్టుకుంటుంది. అది నాకొస్తే తప్పేంటి?”

“పోతే?”

“పోతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతా. ఇంకొకడి ప్రెస్సులో మాత్రం అడుగుపెట్టను.”

“మీ పౌరుషం పొయ్యి కింద పెడితే అన్నం ఉడుకుతుందా?” అని ఆమె పళ్ళెం అతని ముందుకు తోసింది.

మర్నాడు ఈ సంగతి కాఫీ అక్కగారి చెవిన పడింది. కుర్చీ అతని వైపు తిప్పుకుంది.

“నన్ను చూసి వేయకు తమ్ముడూ. నా లెక్క వేరు.”

“మీ లెక్క మీది అక్కగారూ. నా ధైర్యం నాది.”

“రేపు నష్టమొస్తే నీకు నిద్ర పడుతుందా?”

“మీకు పట్టడం లేదా?”

“నాకు హాయిగా పడుతుంది,” అందావిడ.

మేకపోతు గాంభీర్యం అనుకున్నాడు ప్రెస్సాయన.

రెండు వారాల్లో ధర మూడుసార్లు ఎగిసింది. మూడుసార్లూ కాఫీలొచ్చాయి. తాగిన ప్రతిసారీ ప్రెస్సాయన మనసులో మిషన్‌కి ఇంకో చక్రం బిగించుకున్నాడు. ఇంకో నాలుగు రోజులు ఇలాగే పెరిగితే చాలు. షట్టరు మీద ఏ పేరు రాయించాలో కూడా భార్యని అడిగాడు.

సోమవారం గదిలోకి అడుగుపెట్టేసరికి టీవీ మోగిపోతోంది. పెద్ద పెద్ద బట్టల మిల్లులు ఆర్డర్లు రద్దు చేసుకున్నాయట. తెర మీద పత్తి ధర మెట్లు దిగడం లేదు, దొర్లుతోంది.

“సార్, సగం అమ్మేయనా?” అన్నాడు బ్రోకరు.

“అమ్మకు.”

“మార్జిన్ అయిపోతోంది. తర్వాత మన చేతుల్లో ఉండదు.”

“ఆవిడ ఎప్పుడన్నా గెలిచిందా? సాయంత్రానికి లేస్తుంది చూడు.”

సాయంత్రం దాకా అవసరం లేకపోయింది. మధ్యాహ్నానికే డబ్బు ఖాళీ అయి, అతని కొనుగోళ్ళన్నీ కంప్యూటరు తనంతట తనే అమ్మేసింది. ఇరవై రెండేళ్ళ కష్టం పూటలో పోయింది. అతనికి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

కిటికీ దగ్గర అందరూ అక్కగారిని చుట్టుముట్టి అభినందిస్తున్నారు. ఎవరో కాఫీ అడిగారు. ఆవిడ వినిపించుకోలేదు. పాలిపోయిన మొహంతో సంచి తీసుకుని బయటికి నడిచింది. ప్రెస్సాయన వెంటపడ్డాడు.

“అక్కగారూ, ఆగండి! పోగొట్టుకున్నన్నాళ్ళూ నవ్వుతూ కాఫీలు పోశారు. గెలిచిన రోజు ఇలా దొంగలా పోతున్నారేం?”

“వేయొద్దని చెప్పానా లేదా?”

“చెప్పారు. పోయింది నా డబ్బు, మిమ్మల్ని అడుక్కోవడానికి రాలేదు. ఇప్పుడు పడ్డా రేపు లేస్తా. కానీ ఇన్నిసార్లు ఓడిన మనిషి ఇవాళెలా గెలిచిందో తెలియందే కదలను.”

ఆవిడ వెనక్కి తిరిగింది. “గెలుపంటావేంటయ్యా! ఇంత దెబ్బ నాకు ఇన్నేళ్ళలో తగల్లేదు. ఆ గదిలో వచ్చిన ఆ కాస్తే లేకపోతే ఇవాళ్టితో నా పని సరి. ఉంది కాబట్టి నిలబడతా. రా, చూద్దువుగాని.”

వెనక వీధిలోకి దారి తీసింది. పొడవాటి రేకుల షెడ్డు ముందు ఆగి, తాళం తీసి, ఇద్దరూ చెరో పక్కా పట్టుకుంటే గాని లేవని షట్టరు పైకెత్తించింది.

లోపల కప్పు దాకా, పడిన ధరకి ఇక ఆవిడ అమ్ముకోవాల్సిన సొంత పత్తి బేళ్ళున్నాయి.