బట్టి కట్టెలు

"కోడిని గూడ తరుముతవేంది పెద్దయ్యా? అదేం జేసింది నిన్ను?"

కిష్టమ్మ గలగలా నవ్వింది.

పెంటయ్య నవ్వలేదు. కోడి గోడ దాటేదాకా ఆగి, ఒకసారి వెనక్కి చూసుకుని, అప్పుడు ఎత్తాడు గొడ్డలి.

గద్వాల సంస్థానం రోజులవి. కోట వెనక వీధిలో కిష్టమ్మకు బొరుగులు వేయించే బట్టి ఉండేది. వానలు పడేలోపు తుమ్మ మొద్దులన్నీ చీల్చి కొట్టంలో పేర్చుకోవాలి. లేకుంటే వానాకాలమంతా బట్టి మండదు. బట్టి మండకుంటే ఆమె కడుపూ నిండదు.

మొగుడు వెంకట్రాములు అడవిలో చెట్లు కొట్టే పనికి పోయి, చలిజ్వరంతో అక్కడే కన్నుమూశాడు.

ఆ మరుసటి ఎండాకాలమే పెంటయ్య ఎక్కడి నుంచో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"కట్టెలు కొడత బిడ్డా."

"కూలి ఇచ్చుకోలేను."

"ఇంత జొన్న గట్క పెట్టు, సాలు."

అట్లా నాలుగేళ్లు. ఉగాది వెళ్లాక వచ్చేవాడు, పని కాగానే పోయేవాడు.

ఎంత నిదానమో! రాగానే గొడ్డలిని నీళ్ల తొట్టిలో నానేసేవాడు. కర్ర ఉబ్బి ఇనుము బిగుసుకునేదాకా ముట్టేవాడు కాదు. పెద్ద మొద్దు మీద చిన్న మొద్దును నిలబెట్టి, నెర్రె ఎటు పోయిందో వేలితో తడిమి చూసేవాడు. ఆ తర్వాత మాత్రం ఒక్క దెబ్బకు రెండు చెక్కలే.

కిష్టమ్మకు ఊరుకోబుద్ధయ్యేది కాదు.

"గొడ్డలికి తానం జేపిస్తున్నవా? మా ఆయనైతే గిట్ల అందుకున్నడంటే గట్ల కొట్టుడే. ఈపాటికి బండెడు చీల్చేటోడు."

"మంచోడై ఉంటడు బిడ్డా," అనేవాడు పెంటయ్య.

ఆ ఒక్క మాటకే ఆమె మనసు నిండిపోయేది.

అయిదో ఏడు, పక్కింటి తిమ్మమ్మ గోడ మీంచి తొంగిచూసింది.

"కూలి లేకుండ ఏ మొగోడు కట్టెలు కొడ్తడే? ఒంటి ఆడదానివి. జర సోంచాయించు."

ఆ మాట ముల్లులా దిగింది. సాయంత్రం గట్క పెడుతూ అడిగేసింది కిష్టమ్మ.

"ఏటేటా ఎందుకొస్తవ్ పెద్దయ్యా? నేన్ నీకేమైత?"

పెంటయ్య తల వంచుకుని గట్క కలుపుకున్నాడు.

"చెప్పకుంటే, రేపటి సంది రాకు."

"అట్లనే బిడ్డా."

మిగిలిన నాలుగు మొద్దులూ చీల్చి, గిన్నె కడిగి బోర్లించి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు రాలేదు. కిష్టమ్మే గొడ్డలి పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. సగం మొద్దులు వానకు తడిసి, బట్టి నిండా పొగే మిగిలింది. అంత పెద్ద మనిషిని ఎంత మాటన్నాను అని లోలోపలే కుమిలిపోయింది.

చలికాలంలో బీచుపల్లి ఆంజనేయుడి గుడి దగ్గర బాలన్న కనిపించాడు. వెంకట్రాములుతో అడవిలో పనిచేసినవాడు, అతని చావు కబురు మోసుకొచ్చినవాడు.

"అన్నా, ఆ అడవి దిక్కు కట్టెలు కొట్టే పెంటయ్యని ఎవరన్న ఉన్నడా? తెల్ల మీసాలు, నిదానం మనిషి."

బాలన్న ముఖం వాడిపోయింది.

"దసరాకు పాయె చెల్లె. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు. ఇంగ దాచి ఏం జేస్త?"

కిష్టమ్మ అతన్ని మెట్టు మీద కూర్చోబెట్టింది.

"మీ ఆయన జ్వరంతోనే పాయె, నిజమే. అంతకు నెల ముందర ఆయన గొడ్డలి కర్ర నుంచి ఊడి ఎగిరి, వెనకున్నోనికి తగిలింది. అక్కడికక్కడే పాణం పాయె. చెట్టు కూలి మీద పడ్డదని పోలీసు అమీనుకు చెప్పి, మీ ఆయనను కాపాడింది మాతోని పనిచేసే పెంటయ్యనే. జ్వరంల మీ ఆయన 'నా కిష్టి ఒక్కతె అయితది' అని ఏడుస్తుంటే, నేన్ జూస్త అని మాటిచ్చింది గూడ ఆయనే."

"ఆయనకేం పట్టిందన్నా గట్ల మాటియ్యనీకె? ఆ సచ్చినోని వాళ్లు ఊరుకున్నరా?"

బాలన్న కండువాతో కళ్లొత్తుకున్నాడు.

"ఆ సచ్చినోడు పెంటయ్య ఒక్కగానొక్క కొడుకు చెల్లె."