బీరన్న తాత రోగం

"జర నీరసంగ ఉండు తాతా! పెండ్లికొడుకు లెక్క కూసున్నవ్."

కెమెరా వెనక నుంచి ఐలేశం అరిచాడు. మంచం మీద మీసం దువ్వుకుంటున్న బీరన్న తాత ఆ పని ఆపి, మెడ వాల్చి, నాలుక బయట పెట్టాడు.

"నాలుక ఎందుకు పెట్టినవ్?"

"సచ్చేటోడు గట్లనే పెడ్తడు గదరా. మొన్న మన పొట్టేలు పెట్టలే?"

ఐలేశం హైదరాబాదులో సినిమాలు తీసే చదువు చదువుతున్నాడు. దసరాకు ముందు వాళ్ల బాపు గోపయ్య ఉన్నట్టుండి హాస్టలుకు వచ్చి, "తాతకు పానం బాగలేదు, ఇంటికి పోదాం పా" అన్నాడు. బస్సులో ఐలేశం కాసేపు కళ్లు తుడుచుకున్నాడు. కల్వకుర్తి దాటేసరికి ఏడుపు పోయి, ఆలోచన వచ్చింది.

ఆఖరి ఏడాది ఒక డాక్యుమెంటరీ తీసి ఇవ్వాలి. తోటివాళ్లంతా కోటలూ చెరువులూ తీస్తున్నారు. ఇంట్లో చావబోయే తాత ఉన్న అదృష్టవంతుడు క్లాసు మొత్తంలో తనొక్కడే. దోస్తుకు ఫోన్ చేసి కాలేజీ వీడియో కెమెరా తెప్పించుకున్నాడు.

ఇబ్బందల్లా హీరోతోనే. పొద్దున ఛాతీ పట్టుకుని మూలిగే బీరన్న, మధ్యాహ్నానికి కడుపు పట్టుకునేవాడు.

"అసలు నొప్పి ఏడ తాతా?"

"నీకు ఏడ కావాల్నో చెప్పు."

"నేను చెప్పుడేంది?"

"రోగం రక్తంల ఉన్నదని డాక్టరు చెప్పిండు గదా. రక్తం ఒక్క జాగల ఉంటదారా? తిరుగుతనే ఉంటది."

గొర్లు కాసి కాసి మొండికెత్తిన మనిషి, బాధ పైకి కనబడనియ్యడు, అనుకున్నాడు ఐలేశం. ఆ ముక్క కామెంటరీలో పెట్టాలని కూడా అనుకున్నాడు.

తిండి కాడా అంతే. ఐలేశం తల్లి సాలమ్మ, రక్తం పడుతుందని రోజూ మేక కార్జం వండేది. గిన్నె ముందుకు రాగానే బీరన్న మొహం తిప్పుకునేవాడు.

"నాకు సయిస్తలేదు. పోరనికి పెట్టు."

తాతకు ఆకలి చచ్చిపోయిందని ఐలేశం దగ్గరగా షాట్ తీసుకుని, కార్జం తను తినేవాడు. కాసేపటికి తాత నోట్లోంచి కల్లు వాసన వచ్చేది. అది వీడియోలో పడదు కాబట్టి పట్టించుకోలేదు.

తల్లిని మాత్రం మెచ్చుకోవాల్సిందే. స్టూలు మీద కూర్చోబెట్టి, "తాత రోగం గురించి చెప్పే" అన్నాడో లేదో, కెమెరా దిక్కు చూసి భోరుమంది. క్యాసెట్ అయిపోయినా ఆపలేదు.

"మస్తు ఏడ్చినవ్ అమ్మా! కాని నా దిక్కు కాదు. తాతను చూసుకుంట ఏడ్వాలె."

సాలమ్మ మామ దిక్కు తిరిగింది. తిరగ్గానే ఏడుపు ఆగిపోయింది. మళ్లీ కెమెరా వైపు తిరిగితే మళ్లీ మొదలైంది. పల్లెటూరోళ్లకు కెమెరా అంటే అంతే అని వదిలేశాడు.

మొయినుద్దీన్ డాక్టరు కల్వకుర్తి నుంచి స్కూటరు మీద వచ్చేవాడు. బీరన్న ఛాతీ మీద గొట్టం ఆనించి, "ఊపిరి పీల్చు" అని, పీల్చేలోపే తీసేసేవాడు. తర్వాత సూది పట్టుకుని ఐలేశం దగ్గరికి వచ్చేవాడు.

"మీ తాతకు రక్తం ఎక్కియ్యాల్సి వస్తే నీదే కావాలె. చెయ్యి చాపు బేటా."

"నిన్నమొన్ననే తీసిండ్రు గద సార్?"

"మల్లొక్కపారి చూడాలె. ఫికర్ చెయ్యకు."

ఐలేశం కెమెరాను స్టాండుకు బిగించి, అది కూడా తీయించుకున్నాడు. మనవడి త్యాగం. సినిమాకు ఇంటర్వెల్ దొరికింది.

ఒకనాడు ఊరు మొత్తం కనబడేలా తీద్దామని కెమెరా భుజాన వేసుకుని మిద్దె ఎక్కాడు. మెట్టు మెట్టుకూ ఆగి, రొప్పుతూ, కెమెరా బరువును తిట్టుకుంటూ ఎక్కాడు. పొలాల మీదుగా మెల్లగా తిప్పుతుంటే తుమ్మచెట్టు కొమ్మ మీద ఎవరో ముసలాయన కనిపించాడు. మేకలకు మండలు నరుకుతూ పాట పాడుతున్నాడు.

కెమెరాలో బొమ్మను దగ్గరికి లాగి చూశాడు.

చావబోయే తాత చెట్టు మీద నుంచి ధబీమని దూకాడు. పారిపోతున్న పొట్టేలును వెనక కాలు పట్టి ఆపాడు. ఎత్తి భుజాన వేసుకున్నాడు.

సాయంత్రం బీరన్న ఇంటికొచ్చి మంచమెక్కి, "అబ్బా" అని మొదలుపెట్టాడు.

"లే తాతా, ఇగ చాలు. నువ్వు చెట్టెక్కుడు చూసిన."

మూలుగు ఆగింది. బీరన్న కొడుకు వైపు చూశాడు. గోపయ్య నేల వైపు చూశాడు. సాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని తలుపు చాటుకు పోయింది.

"నీకు రోగం లేదు గదా?"

"లేదు."

"అసలుకే లేదా?"

"జలుబు సుత లేదురా."

"మరెందుకు పిలిపిచ్చిండ్రు నన్ను? నా చదువు ఆగం చేస్తిరి! గిన్ని క్యాసెట్లు ఖరాబైపాయె! నకిలీ రోగిని పెట్టి తీసిన్నని తెలిస్తే మా సారు ఊకుంటడా? నిజమైన రోగినే తియ్యాలె గద. గిప్పుడు నేను యాడికెళ్లి తేవాలె?"

అరిచేసరికి ఆయాసమొచ్చి గోడకు ఆనుకున్నాడు. తాత ఏదో ఎకసెక్కెం ఆడతాడని ఎదురుచూశాడు. బీరన్న ఆడలేదు. మంచం దిగి వచ్చి, మనవడి ముందు నిలబడి, రెండు చేతులూ చాపాడు.

"రోగమున్నోన్నే తియ్యాల్నంటే, కెమెరా నా చేతికియ్యాలె బిడ్డా."