మూడు చుట్ల ముడి

అర్ధరాత్రి మెలకువ వచ్చిన దర్జీ ఆవిడకి ఏదో తేడాగా అనిపించింది. పడుకునేటప్పుడు అలల హోరు తల దగ్గర ఉంది. ఇప్పుడు కాళ్ల వైపు, దూరంగా వినిపిస్తోంది.

కొండ అంచునే, సముద్రానికి ఎదురుగా గుడారం వేయాలని మొండికేసింది మొగుడే. "ఘాట్ రోడ్డు మీద బస్సు తోలేవాణ్ణి, నాకు లోయంటే భయమేంటి?" అన్నాడు. పెళ్లయిన ఇరవై ఏళ్లకి ఇద్దరూ కలిసి బయల్దేరిన మొదటి ప్రయాణం కదా అని ఆవిడ ఊరుకుంది. ఇప్పుడాయన హాయిగా గుర్రు పెడుతున్నాడు.

టార్చి పట్టుకుని బయటికొచ్చిన ఆవిడ కొయ్యబారిపోయింది. గుడారం తాము వచ్చిన కారుకి ఇవతల, రోడ్డు పక్కన ఉంది. సాయంత్రం వేసిన చోట నేలే లేదు. అంచు విరిగి సముద్రంలోకి జారిపోయింది. చిన్న రాళ్లు ఇంకా టపటపా రాలుతున్నాయి.

మేకులకు కట్టిన తాళ్లు చూసింది. మొగుడికి బూట్ల లేసు ముడి తప్ప ఇంకోటి రాదు. ఇవి మూడు చుట్లు చుట్టి, కొస లోపలికి దోపిన ముళ్లు. లాండ్రీ నడిపిన అత్తగారు బట్టల మూటలకి ఇలాగే కట్టేవారు. "నా కొడుకు వేసిన ముడిని నమ్మకే పిల్లా" అని నవ్వేవారు. ఆ మహాతల్లి పోయి ఏడాదైంది.

నాలుగో తాడు మాత్రం వదులుగా నేల మీద పడి ఉంది. చూస్తుండగానే అది కదిలింది. మేకు చుట్టూ నింపాదిగా ఒక చుట్టు తిరిగింది. రెండోదీ తిరిగింది.

ఆవిడ వంగి, ఆ పనికి వెలుతురు చాలేలా టార్చి దగ్గరగా పట్టుకుంది.

"ఎవరే బయట?" లోపల్నుంచి మొగుడి గొంతు.

"మనవాళ్లేలెండి. పడుకోండి."