కొరికిన గింజలు

చీమల పెద్దపుట్టలో గింజలు దాచే గుంపు వేరు, లేనివాళ్లకి పంపే గుంపు వేరు. ఆ రెండు గుంపుల మధ్యా మాట చేరవెయ్యడం సింగారమ్మ అనే చీమ పని.

"మూడేళ్లుగా గట్టవతల పేడపురుగులకి విత్తనాలు పంపుతున్నాం. ఒక్కటీ మొలవలేదట. ఒళ్లు వంచరు కాబోలు" అని పుట్టంతా విసుక్కుంటుంటే, చూసొద్దామని సింగారమ్మ గట్టు దాటి వెళ్లింది.

ముసలి పేడపురుగు ఎదురొచ్చి తన మడి చూపించింది. "రోజూ నీళ్లు చల్లుతున్నాను తల్లీ. మేం తినాల్సిన పేడ కూడా ఎరువుగా వేశాం. మా మట్టిదే తప్పు. మీరేం అనుకోకండి."

సింగారమ్మ మట్టి తవ్వి ఒక గింజ తీసింది. దానికి మొలక వచ్చే కొన లేదు. చెమ్మకి మొలకెత్తి పాడవకుండా, దాచేముందు ప్రతి గింజ కొననీ కొరికెయ్యడం వాళ్ల పుట్టలో ఆనవాయితీ. పంపేవాళ్లు ఆ గింజలే పంపారు.

ఆమె ముసలిదాని పక్కన కూలబడింది. "తప్పు నీ మట్టిది కాదమ్మా, మా పళ్లది."

తిరిగొచ్చి, గింజలు దాచే పెద్దతో "ఈ గంపలోవి కొరక్కండి అన్నా" అంది.

"కొరక్కపోతే మొలకెత్తవూ?" అన్నాడతను కంగారుగా.

"అందుకే అన్నా" అంది సింగారమ్మ, గంప నెత్తికెత్తుకుంటూ.